దగ్గుమందు మూతలో మజ్జిగ తేట

నాకు కోపం ఎక్కువండి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు నన్నేమీ అనుకోకూడదు. రావులపాలెం మార్కెట్లో అరటిగెలల తాతాజీ గారి భార్య అమ్మణ్ణి ఎవరని అడిగితే, ముక్కు మీద కోపం ఉండే ఆవిడ అంటారు. ఇంకో గుర్తు చెప్పమంటే ఆ లావుపాటావిడ అనేవారు. మొదటిది ఇప్పటికీ నిజమే. రెండోది ఎలా పోయిందో చెప్తాను.

మా పెద్దమ్మాయి సాయిసుధ పెళ్ళి వైశాఖంలో చేశాం. మొగల్తూరు సంబంధం, అల్లుడి పేరు వినయ్. అప్పటికి నా బరువు నూట ఇరవై ఒక్క కిలోలు. సుగరు ఉంది, బీపీ ఉంది, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. అవన్నీ నేను పట్టించుకోలేదు. మందులున్నాయిగా, మింగితే సరి అనుకునేదాన్ని.

కన్యాదానానికి పిల్ల తల్లీ తండ్రీ పీటల మీద కూర్చోవాలి. అల్లుడి కాళ్ళు పళ్ళెంలో పెట్టించి, తల్లి చెంబుతో నీళ్ళు పోస్తుంటే తండ్రి కడుగుతాడు. పెళ్ళికి వారం ముందు, ఎందుకైనా మంచిదని ఇంట్లో పీట వేసుకుని కూర్చుని చూశాను. కూర్చున్నాను అనకూడదు, పడ్డాను. పీట అడుగు చెక్క పుటుక్కుమని ఊడింది. ఇక లేవడం నా వల్ల కాలేదు. ఈ రెక్క మా ఆయన, ఆ రెక్క మా మరిది పట్టుకుని, వెనక నుంచి నా తోడికోడలు ప్రసన్నకుమారి తోస్తే లేచాను. పంతులుగారు కుర్చీ వేయించుకోమ్మా అన్నారు. కుర్చీలో కూర్చుని కింద పళ్ళెంలోకి వంగితే నాకు ఊపిరాడదు, చెంబు జారిపోతుంది. వెయ్యి మంది ముందు, వీడియోవాళ్ళ ముందు ఆ సంబడం నాకొద్దన్నాను.

దాంతో మా మరిదీ ప్రసన్నకుమారీ కూర్చున్నారు. మా ఆయన ఒక్కరూ కూర్చుంటే కుదరదు, దంపతులే కూర్చోవాలి. మండపం ముందు బంధువులంతా నిలబడి ఉన్నారు, నాకు పీటల దాకా కనపడలేదు. పక్కన పెద్ద ఎల్.ఇ.డి. తెర పెట్టారు కదా, నా కూతురి కన్యాదానం నేను ఆ తెర మీద చూశాను. నా చెంబు, నా కూతురు, నా అల్లుడి కాళ్ళు, నీళ్ళు పోసిన చెయ్యి మాత్రం నాది కాదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

భోజనాల దగ్గర ప్రసన్నకుమారి నా పక్కన చేరి, చెయ్యి పట్టుకుని, "నువ్వేం బాధపడకక్కా. చిన్నికి కూడా మేమే కూర్చుంటాంలే" అంది.

చిన్ని మా రెండో అమ్మాయి. దానికి అప్పటికే సంబంధం ఖాయం చేసుకున్నాం, మాఘంలో ముహూర్తం. ప్రసన్న ఆ మాట మంచికే అంది. ఆ పిల్ల మనసు వెన్న. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. చెడ్డ మనసుతో అని ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మంచి మనసుతో అన్న మాటని ఏం చేస్తాం, మోసుకు తిరగడమే.

పెళ్ళి అయిన ఎనిమిదో రోజున మా ఆయన్ని తీసుకుని రాజమండ్రి వెళ్ళి, పొట్టకి ఆపరేషన్ చేసే డాక్టరు గారి ముందు కూర్చున్నాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేస్తారట, సన్నటి గొట్టం మిగులుతుందట. "ఎంత మిగులుతుందండి?" అంటే, "అరటిపండంత" అన్నాడు.

మా ఆయన ముందుకి జరిగి, "ఏ అరటిపండండి? అమృతపాణియా, కర్పూరమా?" అని అడిగారు.

నేను తల పట్టుకున్నాను. డాక్టరు గారు మాత్రం నవ్వకుండా ఒక నిమిషం ఆలోచించి, "కర్పూరం అనుకోండి" అన్నాడు. మా ఆయనకి అప్పుడు నమ్మకం కుదిరింది. ముప్ఫై ఏళ్ళుగా గెలలు అమ్మే మనిషికి, రకం తెలియకుండా సంతకం పెట్టడం ఇష్టం లేదు.

తర్వాత డాక్టరు గారు నవ్వులాటగా కాకుండా ఒక సంగతి చెప్పాడు. ఆపరేషన్ పెద్ద విషయం కాదు, ఆ తర్వాత పద్నాలుగు రోజులే అసలు సంగతి అన్నాడు. ఆ పద్నాలుగు రోజులూ నీళ్ళలాంటివే లోపలికి వెళ్ళాలి. నమిలేది ఏదైనా వెళ్ళి లోపలి కుట్టు మీద పడి, కుట్టు వదులైతే లీకవుతుంది, అప్పుడు ప్రాణం మీదకి వస్తుంది. "చాలామంది ఆపరేషన్‌కి భయపడతారు గానీ దీనికి భయపడరు. మీరు దీనికి భయపడండి" అన్నాడు. సరేనన్నాను. పరీక్షలన్నీ అయ్యేసరికి జ్యేష్ఠం చివర్లో ఆపరేషన్‌కి రోజు కుదిరింది.

ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పొద్దని మా ఆయన దగ్గరా పిల్లల దగ్గరా ఒట్టు వేయించుకున్నాను. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని చెప్పాం. నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంది అంటారని నా భయం. నేను చచ్చినా ఆ మాట పడను. ప్రసన్నకుమారి ఆసుపత్రిలో నా దగ్గర ఉంటానని వచ్చింది కాబట్టి దానికి మాత్రం చెప్పక తప్పలేదు.

ఆసుపత్రిలో హారతి అని ఒకమ్మాయి, ఏం తినాలో చెప్పే డైటీషియన్, పాతికేళ్ళు కూడా ఉండవు. నా చేతిలో ఒక ప్లాస్టిక్ కప్పు పెట్టింది. దగ్గుమందు సీసా మీద ఉంటుందే మూత, అలాంటిది, గీతలతో సహా. "ముప్ఫై ఎం.ఎల్. ఆంటీ. దీన్ని పావుగంట సేపు తాగాలి. అయ్యాక మళ్ళీ నింపుకోవాలి. పొద్దుట లేచింది మొదలు పడుకునేదాకా ఇదే పని" అంది.

"ఒక్క గుక్కకి చాలదమ్మా ఇది, పావుగంటేంటి?"

"గుక్క అనే మాట మర్చిపోండి ఆంటీ" అంది చల్లగా. నా కోపం ఆ పిల్ల మీద పనిచెయ్యదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

మూడో రోజుకి ఇంటికొచ్చాను. పొట్ట మీద ఐదు చిన్న పట్టీలు తప్ప పైకి ఏమీ కనిపించదు. మజ్జిగ తేట, కొబ్బరి నీళ్ళు, వడకట్టిన పప్పుకట్టు, పల్చటి పాలలో కలిపిన ప్రొటీన్ పొడి. చక్కెర అస్సలు వద్దు. అంతే నా ప్రపంచం. చెప్తే నమ్మరు, నాకు కడుపులో ఆకలి లేదు. ఆకలంతా నోట్లోనే ఉంది. పళ్ళు ఊరికే ఖాళీగా కూర్చోలేక ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి. నలభై ఎనిమిదేళ్ళుగా ఒక్క పూట సెలవు లేకుండా పనిచేసిన పళ్ళు మరి.

ఐదో రోజు మా ఆయన కొత్తావకాయ కలుపుకుని వేడన్నం తింటున్నారు. ఆ వాసనకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపు అనుకోకండి, కోపం. "మీకు బొత్తిగా జాలి లేదా" అని కంచం ముందు నిలబడి అరిచాను. పాపం ఆయన కంచం పట్టుకుని గెలల షెడ్డులోకి పోయి, హమాలీల మధ్య కూర్చుని తిన్నారు. మర్నాటి నుంచి క్యారేజీ కట్టించుకుని మార్కెట్లోనే తినేవారు.

ఆరో రోజు ప్రసన్నకుమారి గ్లాసు పట్టుకొచ్చింది. చిక్కగా, పసుపురంగులో, యాలకుల వాసన. ఏంటే ఇది అన్నాను.

"రెండు బొబ్బట్లు పాలల్లో వేసి మిక్సీ పట్టి వడకట్టానక్కా. ద్రవమే కదా. నీ నోరు చవి చచ్చిపోయి ఉంటుందని."

దాని మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు, గ్లాసు చూస్తే వదలబుద్ధి కాలేదు. హారతికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. ఆ పిల్ల గ్లాసులో ఏముందో రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "బొబ్బట్లు తాగాలన్న ఆలోచన ఇంతవరకూ ఏ పేషెంటుకీ రాలేదు ఆంటీ. వద్దు" అంది. ఆ గ్లాసు మా చిన్ని తాగింది, బాగుందంది కూడా.

నన్ను నేనేదో గొప్పదాన్నని చెప్పుకోవట్లేదు. ఏడో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పప్పుకట్టు వడకట్టుకున్నాక జల్లెడలో మెత్తటి పప్పు మిగిలింది. దాని మీద ఇంత ఉప్పు, ఇంత నెయ్యి వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు, చేతులు వాటంతట అవే వేసుకుపోయాయి. చెంచా పెదాల దాకా వచ్చింది. మెత్తటి పప్పేగా, కుట్టుకి ఏమవుతుంది, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. అప్పుడు వంటగది గోడకి ఆనించి ఉన్న పీట కనపడింది. అడుగు చెక్క ఊడిన పీట. బాగుచేయించడానికి ఇస్తామని పెట్టి మర్చిపోయాం. చెంచా సింకులో పడేసి, కుళాయి తిప్పి, పప్పంతా కొట్టుకుపోయేదాకా నిలబడ్డాను. నిలబడి ఏడ్చాను. ఈసారి కోపం కాదు, ఏడుపే.

ఆ పీటని తెచ్చి సరిగ్గా పొయ్యి పక్కన పెట్టాను, వంటగదిలోకి ఎవరు అడుగు పెట్టినా కాలికి తగిలేట్టు.

ఎనిమిదో రోజున మొగల్తూరు నుంచి వియ్యపురాలు రామతులసి గారు ఫోన్ చేశారు. ఆషాఢం వచ్చిందిగా, మా సాయిసుధ పుట్టింట్లోనే ఉంది. కొత్తకోడలికి అత్తవారు పట్టీ తీసుకురావాలి. చీర, పసుపు కుంకుమ, కావిళ్ళతో మిఠాయిలు. "శుక్రవారం మంచిదండి వదినగారూ, వచ్చేస్తున్నాం. ఆడవాళ్ళం ఓ పన్నెండు మందిమి" అన్నారు.

శుక్రవారం అంటే నాకు పదో రోజు. మా ఆయన కంగారు పడిపోయారు, వచ్చే వారం రమ్మందామా అన్నారు. ఆషాఢం పట్టీ తెస్తామంటే వద్దన్న ఇల్లు మా వైపు ఎక్కడైనా ఉందా? అసలే ఆవిడ పెళ్ళి దగ్గర్నుంచీ నాతో ముభావంగా ఉంటున్నారు. మాట్లాడితే మాట్లాడతారు, నవ్వరు. ఎందుకో నాకు అంతుపట్టలేదు, అడగడానికి మొహమాటం. రానివ్వండి, పన్నెండు మందికీ వడ్డిస్తాను, నేను తర్వాత తింటానంటాను, ఎవరికీ తెలియదు అన్నాను.

శుక్రవారం పది గంటలకి మా వీధిలో మూడు వ్యాన్లు ఆగాయి. అత్తా అల్లుడూ ఆషాఢంలో ఒక గడప దాటకూడదు కదా, వినయ్ రాలేదు. రామతులసి గారు ముందు, ఆవిడ వెనక పదకొండు కావిళ్ళు. మడతకాజాలు, గొట్టంకాజాలు, పూతరేకులు, అరిసెలు, బెల్లం గవ్వలు, పాలకోవా, కొబ్బరి లౌజు, జంతికలు. మా హాలంతా పరిచేసరికి కాలు పెట్టడానికి చోటు లేదు. వీధి వీధంతా గుమ్మంలో ఉంది. నేను ఆ వాసనల మధ్య నిలబడి, దగ్గుమందు మూత చేతిలో గుప్పిట పట్టుకుని, గుటకలు మింగుతూ, "రండి రండి" అంటున్నాను.

వంటవాళ్ళు పనసపొట్టు కూర, పులిహోర, బొబ్బట్లు సిద్ధం చేశారు. ఆకులు వేశాం. అప్పుడు రామతులసి గారు లేచారు. ఒక స్టీలు డబ్బా మూత తీశారు. సున్నుండలు. కావిళ్ళలో వచ్చినవి కావు, ఆవిడ స్వయంగా చేసినవి. మినుములు దోరగా వేగిన వాసన, నెయ్యి. సున్నుండ అంటే నాకు ప్రాణం అని ఆవిడకి మా సాయిసుధ చెప్పిందట.

"మా ఇంట్లో ఒక పద్ధతుందండి" అన్నారు ఆవిడ అందరికీ వినపడేట్టు. "పట్టీ తెచ్చినప్పుడు అత్తగారు తన చేత్తో వియ్యపురాలి నోరు తీపి చేస్తుంది. ఆ తర్వాతే కోడలికి చీర. తల్లి నోరు తీపి కాకుండా పిల్లకి ఏమీ ఇవ్వం." ఒక సున్నుండ తీసి నా నోటి దగ్గర పెట్టారు.

ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నారు. మా సాయిసుధ మొహం తెల్లబోయింది. మా ఆయన గుమ్మంలో గడియారం చూసుకుంటున్నారు, అందులో ఏం కనపడిందో ఆయనకే తెలియాలి. ప్రసన్నకుమారి నా చెవిలో, "నోట్లో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి ఊసెయ్యక్కా" అంది.

నేను "తర్వాత తింటానండి" అన్నాను. ఆవిడ చెయ్యి కదల్లేదు. "సుగరండి" అన్నాను. "చిన్న ముక్కే" అన్నారు. ఆ సున్నుండ నా పెదవికి తగులుతోంది. నిజం చెప్పొద్దూ, నా నోరు తెరుచుకోబోయింది. పది రోజులుగా ఒక్క పలుకు కొరకని నోరు. తింటే అందరూ సంతోషిస్తారు, కూతురి అత్తగారు సంతోషిస్తారు, నేను సంతోషిస్తాను. ఊసెయ్యనని నాకు బాగా తెలుసు. సున్నుండ నా నోట్లో పడ్డాక ఊసే మనిషిని కాదు నేను.

రామతులసి గారి మొహం మెల్లగా మాడిపోతోంది. వాళ్ళవైపు ఒక ముసలావిడ పక్కావిడతో, "పెళ్ళిలోనూ ఇంతేగా" అంది. బాగా వినపడేట్టే అంది.

అంతే, నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, నా మీద నాకే. కోసిన పొట్ట నాది, అరిగిన మోకాళ్ళు నావి, పది రోజులు మూతతో నీళ్ళు తాగింది నేను. దీన్నంతా దొంగసొత్తులా దాచుకోవడం ఏంటి?

రామతులసి గారి మణికట్టు పట్టుకుని సున్నుండని కిందకి దించాను. "వదినగారూ, నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ కాలేదు. రాళ్ళూ లేవు రప్పలూ లేవు. లావు తగ్గడానికి పొట్ట కోయించుకున్నాను. ముప్పాతిక పొట్ట తీసేశారు. ఇవాళ్టికి పదో రోజు. పద్నాలుగు రోజులు ద్రవాలు తప్ప ఏమీ తీసుకోకూడదు. మీ సున్నుండ తింటే కుట్టు ఊడి నేను పోయినా పోవచ్చు. దీన్ని చూస్తే ప్రాణం లాగేస్తోంది, అయినా తినను."

వీడియో తీస్తున్న ఫోన్ కిందకి దిగింది. ఆ ముసలావిడ మాత్రం, "నోరు కట్టుకుంటే పోయేదానికి పొట్ట కోయించుకోవడం ఏంటమ్మా" అంది.

ఏ మాటకి భయపడి ఇన్నాళ్ళూ దాచానో, ఆ మాట అందరిలో పడనే పడింది. చిత్రం ఏంటంటే, నాకేమీ కాలేదు. నా గుప్పిట విప్పి మూత చూపించాను. "నోరు కట్టుకోవడం గురించి నాకు చెప్పకండి పెద్దమ్మగారూ. పది రోజులుగా నా భోజనం ఇది. మీరు ఇవాళ ఒక్క పూట దీంతో గడపండి, ఆ పులిహోర ముందు కూర్చుని. అప్పుడు మాట్లాడుకుందాం."

ఆవిడ తన ఆకుని కాస్త దగ్గరికి లాక్కుంది.

రామతులసి గారు సున్నుండ డబ్బాలో పెట్టేశారు. "ఎందుకు చేయించుకున్నారు?" అన్నారు.

"నా కూతురి కన్యాదానానికి పీట మీద కూర్చోలేకపోయాను. రెండో దానికి కూర్చోవాలి. అంతే."

ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుండిపోయారు. "కూర్చోలేకా?" అన్నారు. "మేమంతా ఏం అనుకున్నామో తెలుసా? మా వాడు మీకు నచ్చలేదనుకున్నాం. వాడి కాళ్ళ మీద నీళ్ళు పోయడం ఇష్టం లేక తోడికోడలిని కూర్చోబెట్టారనుకున్నాం. కుర్చీ వేయించుకుని అయినా కూర్చుంటారు కదా ఎవరైనా, ఈవిడ అదీ చెయ్యలేదని మూడు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఇన్ని కావిళ్ళు ఎందుకు తెచ్చాననుకుంటున్నారు? మా ఇంట్లో ఎప్పుడూ ఐదే. మిమ్మల్ని మంచి చేసుకోవాలని పదకొండు తెచ్చాను."

నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళకి అడగడానికి మొహమాటం, మాకు చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటంతో ఆవిడ రెండు నెలలు బాధపడ్డారు, ఒక వీధికి సరిపడా మిఠాయిలు మా హాల్లోకొచ్చాయి. నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. "వినయ్ బంగారమండి" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచారు. "పద్ధతి మాత్రం జరగాలి" అన్నారు. మళ్ళీ మొదలెట్టిందిరా అనుకున్నాను. ఆవిడ నా చేతిలో మూత తీసుకుని, "ఇప్పుడు మీరు ఏం తాగొచ్చు?" అని అడిగారు.

"మజ్జిగ తేట" అంది మా చిన్ని.

"తీసుకురా."

గీత దాకా కొలిచి పోశారు. తన చేత్తో నా పెదాలకి ఆనించారు. "మా అత్తగారు నోరు తీపి చెయ్యమన్నారు. వదినగారికి ఇవాళ ఇదే తీపి" అన్నారు. నేను చప్పరించాను. పుల్లటి మజ్జిగ తేటండి, ఉప్పు కూడా లేదు. నా జన్మలో అంత మంచి తీపి తినలేదు.

"అయిపోయిందా?" అన్నారు ఆవిడ.

"పావుగంట పడుతుందండి" అన్నాను.

"పట్టనివ్వండి" అని నిలబడ్డారు. మిగతా పదకొండు మందీ ఆకుల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పులిహోర చల్లారుతోంది. ఆవిడ మూత పట్టుకుని, రెండు చుక్కలు తాగించి, ఆగి, మళ్ళీ రెండు చుక్కలు. ఆ ముసలావిడ కూడా కదల్లేదు. గీతలన్నీ దిగి, మూత ఖాళీ అయ్యాక, సాయిసుధ ఒళ్ళో చీర పెట్టారు. అప్పుడు అందరూ అన్నంలో చెయ్యి పెట్టారు. నేను మధ్యలో కుర్చీ వేసుకుని, రెండో మూత నింపుకుని, కబుర్లు చెప్తూ కూర్చున్నాను. ఆకలి వెయ్యలేదు.

తర్వాత నాలుగు రోజులు నాలుగు నిమిషాల్లా పోయాయి. దాచాల్సింది ఏమీ లేదు కదా. మార్కెట్లో అందరికీ తెలిసిపోయింది. అనేవాళ్ళు అన్నారు, నేను జవాబులు చెప్పాను, జవాబులకి నా దగ్గరెప్పుడూ కొరత లేదు. పదిహేనో రోజు మెత్తగా మెదిపిన ఇడ్లీ రెండు చెంచాలు తిన్నాను. హారతికి ఫోన్ చేసి, "గెలిచానమ్మా" అన్నాను. "నాకు ముందే తెలుసు ఆంటీ, మీరు కోపిష్ఠి కదా" అంది. దాని నోరు పడిపోను, ఎంత ముచ్చటేసిందో.

పీటకి మా ఆయన కొత్త చెక్క కొట్టించి, నాలుగు మరలు బిగించారు. శ్రావణంలో మంచం మీద నుంచి చేతులు ఆనకుండా లేవడం నేర్చుకున్నాను. భాద్రపదంలో కుర్చీ మీద నుంచి. ఆశ్వయుజంలో అరటిపళ్ళ క్రేటు బోర్లించి దాని మీద కూర్చుని లేచేదాన్ని. కార్తీకంలో పీట మీద కూర్చున్నాను, పొయ్యి గట్టు పట్టుకుని లేచాను. పుష్యంలో గట్టు వదిలేశాను. మాఘం వచ్చేసరికి ఎనభై నాలుగు కిలోలు. మా ఆయన మాత్రం ఆ పదకొండు కావిళ్ళలో ఒక్క కావిడి కూడా వృథా పోనివ్వలేదు. ఏడు కిలోలు పెరిగారు.

చిన్ని పెళ్ళికి మండపంవాళ్ళ పీటలొద్దని నా పీట నేనే పట్టుకెళ్ళాను. పంతులుగారు కన్యాదాతలు రావాలి అన్నారు. ప్రసన్నకుమారి నా వెనకే నిలబడి, "నేనిక్కడే ఉంటానక్కా, భయం లేదు" అంది. "ఉండవే, నా కొంగు సర్దు" అన్నాను. ముందు వరసలో రామతులసి గారు కూర్చుని ఉన్నారు, కళ్ళార్పకుండా చూస్తున్నారు.

కూర్చున్నాను. పడలేదు, కూర్చున్నాను. చిన్ని మొగుడి కాళ్ళు పళ్ళెంలో పెట్టారు. చెంబు తీసుకుని నీళ్ళు పోశాను. మా ఆయన కడుగుతున్నారు, నేను పోస్తున్నాను. ఒక్క చుక్క పక్కకి పోలేదు. చిన్ని నా వైపు చూసి నవ్వబోయి ఏడ్చింది. పక్కన ఎల్.ఇ.డి. తెర మీద ఏం కనపడుతోందో నాకు తెలియదు, నేను అటు చూడలేదు. నాకు పనుంది.

అయ్యాక పంతులుగారు లేవండమ్మా అన్నారు. ప్రసన్నకుమారి చేతులు ముందుకి చాచింది. వద్దని తల ఊపి, పాదాల మీద బరువు వేసి, ఎవరినీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాను. రామతులసి గారు చప్పట్లు కొట్టారు, పెళ్ళిలో చప్పట్లేంటని అందరూ ఆవిడ వైపు చూశారు, ఆవిడ ఆపలేదు.

మా ఆయన లేవలేదు. ఒకసారి ప్రయత్నించి మళ్ళీ పీట మీద కూలబడ్డారు. నా వైపు తలెత్తి చూసి, ఎవరికీ వినపడకుండా, "అమ్మణ్ణీ, కాస్త చెయ్యియ్యవా" అన్నారు.

ఇచ్చాను.